ట్యూడర్ కాలంలో జరిగే హత్య మిస్టరీ నవల రాయడం ఎలా: ముందు చట్టం, తర్వాతే హంతకుడు

ట్యూడర్ల కాలం మీద తెలుగులో మర్డర్ మిస్టరీ రాయాలని కూర్చున్నవాళ్లు చాలామంది ఒకే చోట దొరికిపోతారు. కోటలూ కొవ్వొత్తులూ పదహారో శతాబ్దానివే, పరిశోధించే మనిషి మాత్రం మన సర్కిల్ ఇన్‌స్పెక్టర్. శవాన్ని పోస్ట్‌మార్టంకి పంపుతాడు, అనుమానితుణ్ణి స్టేషన్‌కి రమ్మంటాడు, తోట చుట్టూ నలుగురిని కాపలా పెడతాడు. అప్పటి ఇంగ్లండులో పోలీసు శాఖే లేదు. మనిషి చస్తే ఎవరు రావాలి, ఎవరికి డబ్బు ముట్టాలి, పోయినవాడి ఆస్తి ఎటు పోవాలి అన్నవాటికి వేరే లెక్కలుండేవి. ఆ లెక్కలు తెలిస్తే ప్లాట్ సగం తయారైనట్టే. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో హంతకుడు కాస్త ఆలస్యంగా వస్తాడు.

మొదటి పని: ఒక్క ఏడాదిని ఎంచుకోండి

ట్యూడర్లు 1485 నుంచి 1603 దాకా, అంటే 118 ఏళ్లు ఏలారు. ఆ మధ్యలో దేశం మతం అటూ ఇటూ ఊగింది. ఎనిమిదో హెన్రీ పోపుతో తెగతెంపులు చేసుకున్నాడు. ఆయన కొడుకు ఎడ్వర్డ్ దేశాన్ని ప్రొటెస్టెంటు వైపు లాగాడు. కూతురు మేరీ మళ్లీ పోపు దగ్గరికి తీసుకెళ్లింది, సుమారు 280 మందిని మంటల్లో కాల్పించింది. రెండో కూతురు ఎలిజబెత్ వచ్చి మళ్లీ వెనక్కి తిప్పింది.

దీనివల్ల ఒకే వస్తువు ఏడాదిని బట్టి వేరే క్లూ అవుతుంది. ఒక వ్యాపారి ఇంట్లో ఇంగ్లీషు బైబిల్ దొరికిందనుకోండి. 1514లో అది మతద్రోహానికి సాక్ష్యం. 1538లో ప్రతి చర్చిలోనూ ఇంగ్లీషు బైబిల్ ఒకటి ఉండి తీరాలని ప్రభుత్వమే ఆజ్ఞ ఇచ్చింది. కాబట్టి ‘హెన్రీ కాలంలో’ అని మొదలుపెడితే కథ నిలబడదు. ఏడాది, నెల, వీలైతే వారం కూడా రాసి పెట్టుకోండి.

ఈ వ్యాసంలో ఉదాహరణకి 1514 డిసెంబర్, లండన్ తీసుకుంటున్నాను. ఎనిమిదో హెన్రీ గద్దెనెక్కింది 1509లో, మన కృష్ణదేవరాయలు గద్దెనెక్కిన ఏడాదే. మనం చెప్పుకునే చావు జరిగిన ఏడాదే రాయలు ఉదయగిరి కోటని పట్టుకున్నాడు. కథలో దీనికి చోటు లేకపోయినా, కాలం మనసులో కుదురుకోవడానికి పనికొస్తుంది.

తేదీల దగ్గర ఒక ఉచ్చు ఉంది. అప్పటి ఇంగ్లండు రికార్డుల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలవుతుంది. మనం 1515 ఫిబ్రవరి అనుకునేది వాళ్ల కాగితాల్లో 1514. పైగా చాలా పత్రాల్లో క్రీస్తు శకం కాకుండా ‘రాజుగారి ఏలుబడిలో ఆరో ఏడు’ అని ఉంటుంది. వాళ్ల క్యాలెండర్ మన లెక్కకి 10 రోజులు వెనక నడుస్తుంది. అంటే వాళ్ల డిసెంబర్ 4 నేటి లెక్కలో డిసెంబర్ 14, లండన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకే రోజులు. ఇలాంటివన్నీ వేసి ఒక టైమ్‌లైన్ కాగితం గోడకి అతికించుకోండి, తర్వాత చాలా టెన్షన్ తప్పుతుంది.

రెండో పని: నిజంగా జరిగిన, తేలని చావు ఒకటి పట్టుకోండి

పూర్తిగా కల్పించి కూడా రాయొచ్చు. కానీ మొదటి నవలకి నిజమైన కేసు ఊతంగా ఉంటే వివరాల కోసం వెతుక్కోనక్కర్లేదు. అందరూ వెళ్లేవి రెండు. 1560లో మెట్ల కింద మెడ విరిగి కనిపించిన ఏమీ రాబ్సార్ట్, 1593లో డెట్‌ఫర్డ్‌లో కత్తిపోటుకి పోయిన నాటక రచయిత క్రిస్టఫర్ మార్లో. రెండూ గొప్ప కేసులే, కానీ వాటిమీద ఇప్పటికే జనం కిక్కిరిసి ఉన్నారు. నా ఓటు రిచర్డ్ హన్‌కి.

హన్ లండన్‌లో కలిగిన వ్యాపారి, దర్జీ వర్తకుల సంఘంలో సభ్యుడు. 1511లో అతని పసిబిడ్డ స్టీఫెన్ ఐదు వారాల వయసులో చనిపోయాడు. అప్పటి ఆచారం ప్రకారం చనిపోయిన మనిషి వస్తువు ఒకటి చావు రుసుముగా చర్చి ఫాదర్‌కి చెందాలి. వైట్‌చాపెల్ ఫాదర్ ఆ బిడ్డ బాప్టిజం గుడ్డ అడిగాడు. బిడ్డకంటూ సొంత ఆస్తి ఉండదు కాబట్టి ఇవ్వనన్నాడు హన్. ఫాదర్ చర్చి కోర్టుకి వెళ్లి గెలిచాడు. హన్ ఊరుకోలేదు. 1513లో రాజు కోర్టులో ఎదురు కేసు వేశాడు. పోపు అధికారంతో నడిచే కోర్టు రాజు ప్రజని విచారించడమే నేరమన్నాడు. అంత పెద్ద మాట అన్నాక చర్చి చూస్తూ ఊరుకుంటుందా? 1514లో మతద్రోహం నేరం మోపి అతన్ని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లోని లొలార్డ్స్ టవర్‌లో బంధించారు. డిసెంబర్ 4, సోమవారం ఉదయం అదే గదిలో ఉరికి వేలాడుతూ కనిపించాడు.

ఆత్మహత్య అన్నారు బిషప్ మనుషులు. హత్య అన్నారు ఊరివాళ్లు. ఒక బట్ట ముక్క దగ్గర మొదలై రాజుదాకా వెళ్లిన ఈ గొడవలో నవలకి కావలసినదంతా ఉంది.

మూడో పని: ఏ తీర్పు వస్తే ఎవరికి లాభమో పట్టిక గీయండి

ఇది మీరు చేసే పనుల్లో అన్నిటికన్నా ముఖ్యం. ట్యూడర్ చట్టంలో చావుకి పెట్టే పేరే ఆస్తి ఎవరిదో తేలుస్తుంది. తెలిసి చేసుకున్న ఆత్మహత్య అని తేలితే అది నేరం, పోయినవాడి సొత్తు రాజుకి పోతుంది, క్రైస్తవ శ్మశానంలో చోటు ఉండదు. మతద్రోహి అని తేలినా సొత్తు పోతుంది. హత్య అని తేలితే హంతకుడి సొత్తు పోతుంది, పోయినవాడి పిల్లలకి వాళ్లది దక్కుతుంది.

ఇప్పుడు హన్ కేసు చూడండి. కరోనర్ (అనుమానాస్పద మరణాల్ని విచారించే అధికారి) వేసిన జ్యూరీ ఇంకా ఆలోచిస్తుండగానే లండన్ బిషప్ ఫిట్జ్‌జేమ్స్ చనిపోయిన మనిషి మీద మతద్రోహం విచారణ నడిపించి, డిసెంబర్ 20న స్మిత్‌ఫీల్డ్‌లో శవాన్ని కాల్పించాడు. శవాన్ని కాల్చడానికి అంత తొందరేమిటి? మీ నవలలో మధ్యభాగం మొత్తం ఈ ప్రశ్న మీద నడపొచ్చు. మరుసటి ఏడాది హన్ పిల్లలకి ఆస్తి తిరిగి ఇప్పించే బిల్లు పార్లమెంటులోని కామన్స్ సభలో నెగ్గింది, బిషప్పులూ మఠాధిపతులూ కూర్చునే లార్డ్స్ సభలో ఆగిపోయింది.

వేరే ఏడాది ఎంచుకుంటే వేరే ఇరుసు దొరుకుతుంది. 1531లో ఒక బిషప్ వంటింట్లో గంజిలో విషం కలిసింది. దాని తర్వాత విషం పెట్టి చంపినవాణ్ణి సలసల కాగే నీళ్లలో ఉడికించి చంపాలని చట్టం చేశారు, వంటవాడు రిచర్డ్ రూస్‌ని అలాగే చంపారు. 1547లో ఆ చట్టాన్ని ఎత్తేశారు. భర్తని చంపిన భార్యది మామూలు హత్య కాదు, చిన్నరకం రాజద్రోహం, శిక్ష సజీవదహనం. ఇలాంటివి తెలిశాక మీ పాత్రలు ఎందుకు అబద్ధమాడుతున్నాయో ప్రత్యేకంగా కల్పించాల్సిన పని ఉండదు.

నాలుగో పని: పరిశోధకుణ్ణి వెతకండి

అనుమానాస్పద మరణం అయితే కరోనర్ రావాలి. చుట్టుపక్కల ఉండే మగవాళ్లతో జ్యూరీ వేస్తాడు, వాళ్లంతా శవాన్ని కళ్లారా చూడాలి. మన ఊళ్లలో పంచులు కూర్చుని చేసే శవ పంచనామా మీరు చూసి ఉంటే దృశ్యం ఊహించుకోవడం తేలిక. తేడా ఏమిటంటే ఇక్కడ జ్యూరీ చెప్పిందే తీర్పు, ఫలానావాడు చంపాడని పేరు కూడా వాళ్లే రాయొచ్చు.

కరోనర్ మీద ఒక మంచి వివరం ఉంది. 1487 చట్టం ప్రకారం హత్య కేసు చూస్తే అతనికి 13 షిల్లింగుల 4 పెన్నీలు, హంతకుడి సొత్తు నుంచి. ప్రమాదం అయితే ఆ డబ్బు లేదు. మీ కరోనర్ నిజాయితీపరుడో కాదో పాఠకుడు తేల్చుకోలేనంతగా ఈ రుసుముని వాడుకోండి.

ఇక కానిస్టేబుల్ అంటే యూనిఫాం ఉద్యోగి కాదు. వీధిలో ఉండే చెప్పుల వర్తకుడో రొట్టెల వ్యాపారో వంతు ప్రకారం ఏడాదిపాటు చేసే చాకిరీ అది. దొంగ పారిపోతుంటే కేకలు వేసి ఊరందరినీ పరుగెత్తించడమే అప్పటి పద్ధతి. చిత్రహింసలు పెట్టి ఒప్పించే సీన్ రాయాలనుకుంటే జాగ్రత్త. మామూలు హత్య కేసులో ఆ అధికారం ఎవరికీ లేదు. దానికి రాజుగారి ఆంతరంగిక సభ అనుమతి కావాలి, అదీ ఎక్కువగా ఎలిజబెత్ కాలంలో, రాజద్రోహం కేసుల్లో.

మరి హీరో ఎవరు? చాలామంది లాయర్నో గూఢచారినో పెడతారు. ఈ కేసుకి నేనైతే జ్యూరీలో ఒకణ్ణి పెడతాను, మైనపు కొవ్వొత్తులు చేసేవాణ్ణి. లండన్‌లో మైనపు కొవ్వొత్తుల వాళ్లదొక సంఘం, పశువుల కొవ్వుతో చేసేవాళ్లదొక సంఘం, ఒకరి పని ఒకరు చేయరు. ఇతని గిరాకీ అంతా చర్చిలే. అంటే నిజం చెబితే వ్యాపారం మూసుకోవాలి. ఇక కేసులో అతనే ఎందుకు పనికొస్తాడో కింద చూడండి.

ఐదో పని: క్లూలు కంటికి కనిపించేవే పెట్టండి

వేలిముద్రలు లేవు, రక్త పరీక్షలు లేవు. హంతకుడు దగ్గరికొస్తే శవం నుంచి రక్తం కారుతుందని నమ్మే కాలం. అలాగని వాళ్లకి తర్కం రాదనుకోకండి. హన్ జ్యూరీ రాసిన నివేదిక చదివితే ఆశ్చర్యం వేస్తుంది.

పట్టు నడికట్టుతో గోడ కొక్కేనికి వేలాడుతున్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది, కళ్లూ నోరూ మూసి ఉన్నాయి, జుట్టు దువ్వినట్టుంది, టోపీ నెత్తిమీద సరిగ్గా ఉంది. ఉరేసుకున్నవాడి జుట్టు ఎవరు దువ్వారు? మెడ మీద చర్మం ఒరుసుకుపోయి ఉంది. పట్టు అలా ఒరవదు. మణికట్ల మీద కట్టేసిన గుర్తులున్నాయి. ఎక్కడానికి ఉన్నది ఒక స్టూలే. దాన్ని పరుపు దిండు మీద పెట్టారు, చేయి తగిలితే పడిపోయేలా ఉంది. శవం దగ్గర రక్తం దాదాపు లేదు, గది మూలలో మాత్రం చాలా ఉంది.

ఇక కొవ్వొత్తి. ఆదివారం రాత్రి వెలుగుతున్న మైనపు కొవ్వొత్తిని హన్ దగ్గర వదిలి వెళ్లానని కెథెడ్రల్‌లో గంటలు కొట్టే జాన్ స్పాల్డింగ్ చెప్పాడు. జ్యూరీకి అది కాళ్లు బిగించే బొండకొయ్య మీద, నీటుగా ఆర్పేసి కనిపించింది, శవానికి 7, 8 అడుగుల దూరంలో. హన్ ఆర్పి ఉంటే చిమ్మచీకట్లో ఏడడుగులు నడిచి, వణికే స్టూలెక్కి, కొక్కేనికి నడికట్టు కట్టుకోవాలి. ఆర్పింది అతను కాదని జ్యూరీ తేల్చింది. మన మైనపు కొవ్వొత్తులవాడు అక్కడ ఉంటే ఇంకా చూస్తాడు. ఎంత కాలింది, ఎన్ని గంటలు వెలిగింది, వేళ్లతో నలిపారా, మూత పెట్టి ఆర్పారా. నివేదికలో లేని ఈ వివరాలు మీ కల్పన. ఎన్ని గంటలు వెలిగిందో అన్నదాన్ని హంతకుడి అబద్ధానికి ముడిపెట్టండి.

టైమ్ చెప్పేటప్పుడు నిమిషాల జోలికి పోవద్దు. చర్చి గంటలు, ద్వారాలు మూసే వేళ, పొద్దు, ఇవే వాళ్ల గడియారం. ‘రెండో గంట కొట్టాక కొంచెం సేపటికి’ అనే సాక్ష్యంలో ఉన్న అస్పష్టత మిస్టరీ రచయితకి వరం.

వైద్యుణ్ణి తెస్తే మంగలి వైద్యుణ్ణి తేండి, గాయాలు తెలిసినవాడు అతనే. మంగళ్లూ శస్త్రవైద్యులూ ఒకే సంఘమైంది 1540లో. ఏడాదికి నాలుగు ఉరితీసిన శవాలు కోసుకోవడానికి అనుమతి వచ్చింది కూడా అప్పుడే. 1514లో ఎవరూ కడుపు కోసి విషం కోసం చూడరు.

ఆరో పని: హంతకుడు ఎలా తప్పించుకోగలడో ముందే రాసుకోండి

ఇక్కడ మన పాఠకులకి కొత్తగా అనిపించే సంగతి ఒకటుంది. చర్చి మనిషిని మామూలు కోర్టు ఉరితీయలేదు, బిషప్‌కి అప్పగించాలి. కాలక్రమంలో చదవడం వస్తే చాలు చర్చి మనిషి కిందే లెక్కేశారు. కీర్తనల్లో 51వదాని మొదటి చరణం చదివి చూపితే మెడ దక్కుతుంది. 1489 నుంచి మామూలు జనానికి ఈ అవకాశం ఒక్కసారే, గుర్తుకి బొటనవేలి మీద వాత పెడతారు. నాటక రచయిత బెన్ జాన్సన్ 1598లో తోటి నటుణ్ణి చంపి ఇలాగే బయటపడ్డాడు. చదువురాని హంతకుడు జైల్లో ఆ ఒక్క చరణం బట్టీ కొట్టడం, ఇంకెవడో అతనికి తప్పు చరణం నేర్పించడం లాంటి సీన్ ఊరికే వదులుకోకండి.

తప్పించుకునే దారులు ఇంకా ఉన్నాయి. వెస్ట్‌మినిస్టర్ లాంటి చోట శరణు దొరికితే లోపలికొచ్చి పట్టుకోలేరు. రాజు క్షమాభిక్ష ఇవ్వొచ్చు. మార్లోని పొడిచిన ఇంగ్రమ్ ఫ్రైజర్‌కి ఒక నెలలోపే క్షమాభిక్ష వచ్చింది. ఆ పంచనామా కాగితంలో కత్తి ఖరీదు 12 పెన్నీలని రాసి ఉంది, ఎందుకంటే చంపిన ఆయుధం కూడా రాచసొత్తే. నేరస్థుడి తరఫున వాదించడానికి లాయర్ ఉండడు. విచారణ గంటలో అయిపోవచ్చు. కాబట్టి పదిహేను పేజీల కోర్టు సీన్ ప్లాన్ చేసుకున్నవాళ్లు దాన్ని జ్యూరీ గదిలోకి మార్చుకోండి, వాదనలు సాగేది అక్కడే.

హన్ కేసులో జ్యూరీ ముగ్గురి పేర్లు రాసింది. బిషప్ తరఫున చర్చి కోర్టు వ్యవహారాలు చూసే ఛాన్సలర్ విలియం హోర్సీ, కోర్టు సమన్లు అందించే చార్లెస్ జోసెఫ్, గంటల స్పాల్డింగ్. జోసెఫ్ ఇంట్లో పనిచేసిన జూలియన్ లిటిల్ అనే అమ్మాయి, తన యజమాని తన దగ్గర నేరం ఒప్పుకున్నాడని జ్యూరీకి చెప్పింది. నన్నడిగితే నవలలో హీరో తర్వాత అంత బలమైన పాత్ర ఆమె. ఆమె ఎందుకు నోరు విప్పింది, తర్వాత లండన్‌లో ఎవరు పనిలో పెట్టుకుంటారు అన్నది కనీసం రెండు అధ్యాయాల సంగతి.

చివరికి హోర్సీ నేరం చేయలేదన్నాడు, ఆ మాటని ఒప్పుకొమ్మని రాజు తన న్యాయవాదికి చెప్పాడు. శిక్ష లేదు. ఇలాంటి ముగింపుని మార్చి హంతకుణ్ణి ఉరి తీయించాలని చేతులు దురదపెడతాయి. వద్దు. ఎవరు చంపారో పాఠకుడికి తెలియాలి, కోర్టుకి తెలియక్కర్లేదు.

ఏడో పని: మాటలు, తిండి, పేర్లు

పాత్రల చేత గ్రాంథికం మాట్లాడించకండి. జానపద సినిమా వాసన వస్తుంది. మామూలు తెలుగు చాలు, అంతస్తు తేడాలు మాత్రం కచ్చితంగా పాటించండి. స్పాల్డింగ్ ఛాన్సలర్‌తో ‘అయ్యగారూ, తమరు చెప్పినట్టే చేశాను’ అంటాడు, జ్యూరీలో ఉన్న పొరుగువాడితో ‘ఒరేయ్, నన్నెందుకు లాగుతావ్?’ అంటాడు. ఈ రెండు గొంతుల మధ్య తేడాలోనే పాఠకుడు అనుమానం పట్టుకుంటాడు. 1514లో రాజుని ఎక్కువగా ‘యువర్ గ్రేస్’ అనేవాళ్లు. మెజెస్టీ మామూలైంది ఆ తర్వాతే. తెలుగులో ‘ప్రభూ’ అంటే గొడవే లేదు.

పేర్లతో చిక్కు ఉంది. ఆ కాలంలో వీధిలో రాయి విసిరితే జాన్‌కో థామస్‌కో విలియంకో తగులుతుంది. ఈ కేసు కరోనర్ కూడా థామసే, థామస్ బార్న్‌వెల్. నిజమైన మనుషుల పేర్లు మార్చకండి. మీరు కల్పించిన వాళ్లకి మాత్రం రాల్ఫ్, గైల్స్, సైమన్ లాంటివి పెట్టండి, పాఠకుడికి తికమక తగ్గుతుంది.

తిండి త్వరగా ముగిద్దాం: రొట్టె, ఏల్ అనే పలచటి బీరు, ఉప్పు చేప, గంజి, చీజ్. శుక్రవారం మాంసం లేదు. డిసెంబర్ మొదట్లో క్రిస్మస్ ముందు ఉపవాసాల కాలం కూడా. బట్టల రంగూ గుడ్డా అంతస్తుని బట్టి చట్టమే నిర్ణయించేది, కాబట్టి తన స్థాయికి మించిన బొచ్చు కోటు వేసుకున్న సమన్ల బంట్రోతు కూడా ఒక క్లూనే.

ఎనిమిదో పని: రాయడం

ముందు ఆదివారం రాత్రి ఆ గదిలో నిజంగా ఏం జరిగిందో నాలుగు పేజీల్లో రాసి పక్కన పెట్టండి. అది నవలలో రాదు. తర్వాత ముగ్గురు అనుమానితులూ, బిషప్పూ, జ్యూరీ ఎవరు ఏం చెప్పారో ఒక్కొక్క పేజీ. ఈ కాగితాలు ఎక్కడ పొసగవో అక్కడే మీ అధ్యాయాలు.

నగరం కోసం జాన్ స్టో 1598లో రాసిన లండన్ వర్ణన చదవండి, వీధి పేరు పేరునా చెబుతాడు. కానీ ఆయన వయసుమళ్లాక రాశాడు, 1514లో ఉన్న మఠాలు అప్పటికి కూలిపోయాయి, ఆ తేడా చూసుకోండి. 1560ల నాటి లండన్ చెక్క అచ్చు పటం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని తెరిచి మీ హీరో ఇంటి నుంచి సెయింట్ పాల్స్ దాకా వేలు పెట్టి నడిపించండి.

ఒక సంగతి మరవొద్దు. జ్యూరీ నివేదిక అచ్చులోకి వచ్చింది 1530ల చివర్లో, చర్చి మీద హెన్రీ యుద్ధం జోరుగా ఉన్నప్పుడు. అది అచ్చేసినవాళ్లకి హన్ హతుడే కావాలి. అవతల న్యాయవాది, రచయిత థామస్ మోర్ 1529లో హన్ ఉరేసుకున్నాడనే వాదించాడు. ఆయన ఆ చావు రోజుల్లో లండన్ అండర్‌షెరీఫ్, అంటే నగర న్యాయాధికారి, ఊళ్లో జరిగేదంతా తెలిసిన మనిషి. మీ కొవ్వొత్తులవాడు ఒక వీధి మలుపులో ఆయనకి ఎదురుపడాలి, ఆయన అడిగే ప్రశ్నలకి తడుముకోవాలి. ఆ సీన్‌లో మోర్ వైపు వాదన బలంగా రాయండి, మీరు నమ్మకపోయినా సరే.

రాత అయ్యాక కంప్యూటర్‌లో కొన్ని మాటలు వెతికి తీసేయండి. టీ, కాఫీ, బంగాళాదుంప, నిమిషం, పోలీసు, జేబు గడియారం. ‘సాక్ష్యాధారాలు సేకరించి’ లాంటి పేపరు భాష కూడా. నవల వెనక రెండు పేజీల రచయిత మాట పెట్టి ఏది రికార్డులో ఉంది, ఏది మీరు కల్పించారు అని చెప్పండి. కొవ్వొత్తి కొలతల సంగతి అందులో తప్పకుండా రాయండి, ఎవరైనా నివేదిక తెరిచి సరిచూస్తారు.